లివర్ క్యాన్సర్ సర్జరీకి ముందు, మధ్యలో, తర్వాత.. ఏ స్కాన్ ఏం చెబుతుంది?

అల్ట్రాసౌండ్‌లో ‘లివర్‌లో కణితి ఉంది’ అని రిపోర్టు వచ్చిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మర్నాడు డాక్టర్ సీటీ రాస్తారు. సీటీ చూశాక ఎంఆర్‌ఐ కూడా కావాలంటారు. తీరా ఆపరేషన్ ఖాయమయ్యాక థియేటర్‌లో మరోసారి అల్ట్రాసౌండ్ చేస్తామంటారు. ‘ఒకటి తీశాక ఇంకోటి ఎందుకు? బిల్లు పెంచడానికేనా?’ అనే అనుమానం రావడం సహజమే.

కానీ ఇవన్నీ ఒకే పని చేసే పరీక్షలు కావు. ఒకటి కణితి ఉందో లేదో చెబుతుంది. ఇంకొకటి అది క్యాన్సరేనా అని తేలుస్తుంది. మరొకటి ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. ఇంకొకటి కోస్తే మిగిలే లివర్ సరిపోతుందా అని కొలుస్తుంది. ఎక్కడ పొరపాటు జరిగినా నష్టం పెద్దదే. రెండో కణితి కంటపడకపోతే, అంత పెద్ద ఆపరేషన్ చేయించుకున్నా క్యాన్సర్ లోపలే మిగిలిపోతుంది. క్యాన్సర్ కాని గడ్డను క్యాన్సర్ అనుకుంటే, నయమయ్యే మనిషికి ‘సర్జరీ కుదరదు’ అని చెప్పాల్సి వస్తుంది. అందుకే ఏ స్కాన్ ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ఇంట్లో ఒక్కరైనా తెలుసుకుని ఉండటం మంచిది.

ఏ క్యాన్సర్ గురించి?

లివర్‌లోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం హెపటోసెల్యులర్ కార్సినోమా. డాక్టర్లు పొట్టిగా హెచ్‌సీసీ అంటారు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మద్యం, షుగర్‌తో పాటు వచ్చే ఫ్యాటీ లివర్ దీనికి ప్రధాన కారణాలు. మద్యం ముట్టని ఇంట్లో కూడా ఈ జబ్బు రావడానికి హెపటైటిస్, ఫ్యాటీ లివరే కారణం. చాలామందిలో ముందు లివర్ గట్టిపడి సిరోసిస్ వస్తుంది. ఆ తర్వాత అందులో కణితి మొదలవుతుంది. పెద్దపేగు వంటి చోట్ల పుట్టి లివర్‌కు పాకే క్యాన్సర్ వేరు. దానికీ ఇవే స్కాన్లు వాడతారు గానీ వాటిని చదివే పద్ధతి మారుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా హెచ్‌సీసీ గురించి.

స్కాన్‌లో క్యాన్సర్ ఎలా పట్టుబడుతుంది?

లివర్‌కు రక్తం రెండు దారుల్లో వస్తుంది. సుమారు 75 శాతం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతా 25 శాతం గుండె నుంచి వచ్చే ధమని ద్వారా అందుతుంది. హెచ్‌సీసీ కణితి మాత్రం దాదాపు ధమని రక్తం మీదే బతుకుతుంది. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు అది ముందు ధమనిలోకి చేరుతుంది. ఆ క్షణంలో కణితి చుట్టూ ఉన్న లివర్ కంటే ఎక్కువగా వెలుగుతుంది. కాసేపటికి మందు పోర్టల్ సిర ద్వారా లివర్ మొత్తానికీ అందుతుంది. అప్పటికి కణితిలో మందు కడుక్కుపోయి అది నల్లబడుతుంది.

ముందు వెలగడం, తర్వాత నల్లబడటం. ఈ గుర్తు స్పష్టంగా ఉంటే సిరోసిస్ లేదా దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలో సూదితో ముక్క తీయకుండానే హెచ్‌సీసీ అని నిర్ధారిస్తారు. శరీరంలోని చాలా క్యాన్సర్లకు ఈ వెసులుబాటు లేదు. ‘అబ్బాకు బయాప్సీ చేయకుండానే క్యాన్సర్ అని ఎలా అంటారు?’ అని అడిగే కొడుకులకు జవాబు ఇదే. లివర్‌కు సూది వేస్తే రక్తస్రావం, సూది దారిలో క్యాన్సర్ కణాలు పడటం వంటి ప్రమాదాలు ఉంటాయి. అవి తక్కువే అయినా లేకపోలేదు. స్కాన్‌లో గుర్తు స్పష్టంగా లేనప్పుడు, సిరోసిస్ లేని మనిషిలో కణితి కనిపించినప్పుడు మాత్రం బయాప్సీ అవసరం పడవచ్చు.

ఈ గుర్తులను అందరూ ఒకేలా చదవడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో లై-ర్యాడ్స్ అనే పద్ధతి తెచ్చింది. రిపోర్టులో లై-ర్యాడ్స్ 1 అని ఉంటే అది కచ్చితంగా హానిలేని గడ్డ. 5 అంటే కచ్చితంగా హెచ్‌సీసీ. 3 అంటే ఇంకా తేలలేదని అర్థం. అంకె చూసి భయపడటమో ధైర్యపడటమో కాకుండా, దాని మీద తర్వాతి అడుగేంటో డాక్టర్‌ను అడగాలి.

మామూలు అల్ట్రాసౌండ్: మొదటి జల్లెడ

చవక, రేడియేషన్ లేదు, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. సిరోసిస్ ఉన్నవారు ప్రతి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని, దాంతో పాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కూడా ఉంటే మంచిదని లివర్ నిపుణులు చెబుతారు. హెపటైటిస్ బి ఉండి రిస్కు ఎక్కువగా ఉన్నవారికీ ఇదే సలహా. చైనాలోని షాంఘైలో 18,816 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. ఇలా 6 నెలలకోసారి పరీక్షలు చేసిన గుంపులో లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి.

అయితే జల్లెడ జల్లెడే. పొట్ట లావుగా ఉన్నా, కడుపులో గ్యాస్ ఉన్నా, లివర్ బాగా గట్టిపడినా చిన్న కణితులు తప్పించుకుంటాయి. తొలిదశ కణితుల్లో సగం వరకు ఒక్క అల్ట్రాసౌండ్‌తో దొరకవు. ఏఎఫ్‌పీ కూడా క్యాన్సర్ ఉన్న చాలామందిలో మామూలుగానే ఉంటుంది. కాబట్టి ఒక్కసారి ‘నార్మల్’ వచ్చిందని 6 నెలల తర్వాతి పరీక్షను మానేయకూడదు. అలాగే అల్ట్రాసౌండ్ ఒక్కదాన్నే నమ్మి ఆపరేషన్‌కు వెళ్లకూడదు.

సీటీ: వేగం, రక్తనాళాల పటం

సర్జరీ నిర్ణయానికి తీసేది మామూలు సీటీ కాదు, మల్టీఫేజ్ సీటీ. కాంట్రాస్ట్ ఎక్కించాక ధమని దశలో ఒకసారి, సుమారు నిమిషం దాటాక పోర్టల్ దశలో ఒకసారి, 3 నుంచి 5 నిమిషాలకు మరోసారి ఫొటోలు తీస్తారు. ‘సీటీ ఇంతకుముందే తీయించాం’ అని పాత ఫిల్ము చూపిస్తే, ఆ దశలు లేవని మళ్లీ తీయమనడం తరచూ జరుగుతుంది. మొదటిసారే ‘లివర్ మల్టీఫేజ్ సీటీ’ అని చీటీ మీద రాయించుకుంటే డబ్బు, రేడియేషన్ రెండూ ఆదా అవుతాయి.

సీటీ బలం వేగం. కొద్ది సెకన్లు ఊపిరి బిగబడితే చాలు. పొట్టలో నీరు చేరినవారికి, వయసు పైబడినవారికి ఇది తేలిక. ధమని ఎటు చీలింది, పోర్టల్ సిరలోకి కణితి చొరబడిందా, ఊపిరితిత్తుల్లో మచ్చలు ఉన్నాయా అన్నవి కూడా సీటీలో బాగా తెలుస్తాయి. బలహీనత చిన్న కణితుల విషయంలో. 2 సెంటీమీటర్ల లోపు, ముఖ్యంగా 1 సెంటీమీటర్ లోపు కణితులను సీటీ తరచూ వదిలేస్తుంది. దీనికితోడు రేడియేషన్ ఉంటుంది, అయోడిన్ కాంట్రాస్ట్ వల్ల కిడ్నీల విషయంలో జాగ్రత్త కావాలి.

ఎంఆర్‌ఐ: చిన్న కణితుల లెక్క

ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఉండదు. రక్తప్రవాహంతో పాటు కణజాలంలో నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో కూడా ఇది చూస్తుంది. క్యాన్సర్‌లో కణాలు ఇరుకుగా ఉంటాయి కాబట్టి అక్కడ నీటి కదలిక తగ్గుతుంది. ఆ చోటు ఫొటోలో వెలుగుతుంది.

లివర్ సర్జన్లు ఎక్కువగా అడిగేది గాడోక్సెటేట్ అనే ప్రత్యేక కాంట్రాస్ట్‌తో చేసే ఎంఆర్‌ఐ. ఈ మందులో సుమారు సగాన్ని ఆరోగ్యకరమైన లివర్ కణాలు పీల్చుకుని పైత్యరసంలోకి పంపుతాయి. మందు ఎక్కించిన సుమారు 20 నిమిషాలకు లివర్ అంతా తెల్లగా మెరుస్తుంది. పనిచేసే లివర్ కణాలు లేని కణితి మాత్రం తెల్లగోడ మీద నల్లచుక్కలా కనిపిస్తుంది. చిన్న కణితులను పట్టడంలో సీటీ కంటే ఎంఆర్‌ఐ మెరుగని చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకి, కీమో తర్వాత మచ్చలు సీటీలో ‘మాయమైన’ రోగుల్లో కూడా ఈ ఎంఆర్‌ఐ చాలా పనికొస్తుంది. సీటీలో మాయమైనంత మాత్రాన అక్కడ క్యాన్సర్ చచ్చిపోయిందని చెప్పలేం.

ఇబ్బందులూ ఉన్నాయి. పరీక్ష అరగంట పైనే పడుతుంది. ప్రతిసారీ 15, 20 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఆయాసం, పొట్టలో నీరు ఉంటే ఫొటోలు అలుక్కుపోతాయి. కామెర్లు ఎక్కువగా ఉంటే లివర్ కణాలు ఆ ప్రత్యేక మందును సరిగా పీల్చుకోవు, లాభం తగ్గుతుంది. పైగా ఎంఆర్‌ఐలో కనిపించే ప్రతి నల్లచుక్కా క్యాన్సర్ కాదు. సిరోసిస్ లివర్‌లో క్యాన్సర్‌గా మారని గడ్డలు కూడా అలాగే కనిపించవచ్చు. ఎక్కువ చూపించే స్కాన్‌ను అంత జాగ్రత్తగా చదవాలి. అందుకే సర్జన్, రేడియాలజిస్ట్, లివర్ డాక్టర్ కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆస్పత్రిలో నిర్ణయం జరగడం మేలు.

బుడగల అల్ట్రాసౌండ్, పెట్ స్కాన్

సీటీ, ఎంఆర్‌ఐ రెండూ చేసినా ఒక గడ్డ సంగతి తేలకపోతే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ చేస్తారు. ఇందులో ఎక్కించేది అతి చిన్న గ్యాస్ బుడగలు. ఆ గ్యాస్ ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీల మీద భారం పడదు. కణితిలోకి రక్తం ఎలా వస్తోందో క్షణక్షణం చూడొచ్చు. కానీ ఒకసారికి ఒకటి రెండు గడ్డలనే చూడగలరు. లివర్ మొత్తం గాలించడానికి ఇది పనికిరాదు.

‘ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ తీయిస్తే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. పెట్ స్కాన్ క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకునే గుణం మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా పెరిగే హెచ్‌సీసీ కణాలు మామూలు లివర్ కణాల్లాగే ప్రవర్తిస్తాయి కాబట్టి చాలాసార్లు వెలగవు. లివర్ బయటికి పాకిందా అని చూడటానికి, కొన్నిసార్లు లివర్ మార్పిడికి ముందు ఇది ఉపయోగపడుతుంది. పెట్ నార్మల్ వచ్చిందని లివర్‌లో క్యాన్సర్ లేదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు.

కోయడానికి ముందు కొలత

1957లో ఫ్రెంచ్ వైద్యుడు క్లాడ్ క్వినో లివర్‌ను 8 భాగాలుగా విడదీసి చూపించారు. ప్రతి భాగానికీ సొంత రక్తనాళం, పైత్యనాళం ఉంటాయి. అందుకే ఒక భాగాన్ని తీసేసినా మిగతావి పనిచేస్తాయి. ఎన్ని భాగాలు తీయాలి, మిగిలేది ఎంత అన్న లెక్కను సీటీ ఫొటోల నుంచి కంప్యూటర్‌లో వేస్తారు. లివర్ ఆరోగ్యంగా ఉంటే మొత్తంలో 20 నుంచి 30 శాతం మిగిలినా బతకొచ్చు. సిరోసిస్ ఉంటే కనీసం 40 శాతం మిగలాలి. తక్కువ పడుతుందనుకుంటే, తీసేయబోయే వైపు పోర్టల్ సిరను ముందే మూసేసి, రెండో వైపు పెరిగాక ఆపరేషన్ చేస్తారు. ఆ పెరుగుదలకు కొన్ని వారాలు పడుతుంది. ‘ఆపరేషన్ ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?’ అన్న కోపానికి ఒక్కోసారి జవాబు ఇదే.

లివర్ మార్పిడిలోనూ నిర్ణయం ఫొటో మీదే నడుస్తుంది. 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు ఇచ్చిన కొలతల ప్రకారం ఒకే కణితి అయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. ఎక్కువ ఉంటే 3కి మించకూడదు, ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపే ఉండాలి. రక్తనాళాల్లోకి చొరబడకూడదు. ఈ కొలతలు పాటించే చోట స్కాన్‌లో ఒక్క కణితి ఎక్కువగానో తక్కువగానో లెక్కపడితే మనిషి దారే మారిపోతుంది.

ఆపరేషన్ థియేటర్‌లో

పొట్ట తెరిచాక సర్జన్ చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను నేరుగా లివర్ మీద పెట్టి చూస్తారు. మధ్యలో చర్మం, కొవ్వు, పక్కటెముకలు అడ్డుండవు కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల గడ్డలు కూడా తెలుస్తాయి. జపాన్ సర్జన్ మసతోషి మకూచి ఈ పద్ధతిని లివర్ సర్జరీలో భాగం చేసినవారిలో ముఖ్యులు. సిరోసిస్ లివర్ రాయిలా ఉంటుంది కాబట్టి చేత్తో తడిమితే లోపలి కణితి తెలియదు. ఎక్కడ కోయాలో, ఏ నాళాన్ని కాపాడాలో ఈ స్కాన్ దారి చూపుతుంది. ముందు స్కాన్లలో లేని కణితి ఇక్కడ బయటపడి, ప్లాన్ అప్పటికప్పుడు మారడం కూడా జరుగుతుంది. ‘లోపలికి వెళ్లాక మార్చేశారు’ అని నిందించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి ఐసీజీ వెలుగు. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగుమందును లివర్ పనితీరు పరీక్ష కోసం ఆపరేషన్‌కు ముందు రోజుల్లో ఇస్తుంటారు. మంచి లివర్ దాన్ని పైత్యరసంలోకి వదిలేస్తుంది. కణితిలో మాత్రం అది చిక్కుకుపోతుంది. ప్రత్యేక కెమెరాతో చూస్తే ఆ చోటు మెరుస్తుంది. జపాన్ వైద్యులు 2009లో ఈ పద్ధతిని ప్రచురించాక చాలా దేశాల్లో వాడకం పెరిగింది. ముఖ్యంగా చేత్తో తడమడానికి వీలుండని లాప్రోస్కోపీ, రోబో సర్జరీల్లో ఇది ఉపయోగం. కానీ ఈ వెలుగు 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోతు వరకే కనిపిస్తుంది. సిరోసిస్‌లో క్యాన్సర్ కాని గడ్డలు కూడా మెరుస్తాయి.

ఇక్కడే ఈ రెండింటి జోడీ కుదురుతుంది. అల్ట్రాసౌండ్ లోతుగా చూస్తుంది, పైపొర దగ్గర తడబడుతుంది. ఐసీజీ పైపొరను పట్టిస్తుంది, లోతు చూడలేదు. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడం కుదరదు.

సర్జరీ తర్వాత

కణితి మొత్తం తీసేసినా కథ ముగియదు. హెచ్‌సీసీ సర్జరీ చేయించుకున్నవారిలో 5 ఏళ్లలో 70 శాతం వరకు క్యాన్సర్ మళ్లీ కనిపిస్తుంది. కొందరిలో పాత కణాలే మిగిలి 2 ఏళ్లలోపు తిరిగి వస్తాయి. మరికొందరిలో పాడైన లివర్‌లో కొత్త కణితి పుడుతుంది. అందుకే మొదటి 2 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి మల్టీఫేజ్ సీటీ లేదా ఎంఆర్‌ఐ, ఏఎఫ్‌పీ పరీక్ష చేయిస్తారు. తర్వాత ఎడం పెరుగుతుంది.

ఆపరేషన్ అయిన కొత్తలో కోసిన చోట నీరు, వాపు, మచ్చ కలిసి స్కాన్‌ను గజిబిజి చేస్తాయి. అప్పుడు తీసిన మొదటి స్కాన్‌ను భద్రంగా దాచాలి. తర్వాత వచ్చే ప్రతి ఫొటోను దానితోనే పోల్చి చూస్తారు. వీలైతే ప్రతిసారీ ఒకే రకం స్కాన్, ఒకే సెంటర్‌లో తీయించడం మేలు. మళ్లీ కనిపించినా చిన్నగా ఉన్నప్పుడే దొరికితే రెండో సర్జరీ, సూదితో కాల్చడం, మార్పిడి వంటి దారులు తెరిచి ఉంటాయి. హెపటైటిస్ బి ఉన్నవారు ఆ మందులను సొంతంగా ఆపేయకూడదు.

ఒక్క చూపులో

- మామూలు అల్ట్రాసౌండ్: రిస్కు ఉన్నవారిపై 6 నెలల నిఘాకు.
- మల్టీఫేజ్ సీటీ: క్యాన్సర్ నిర్ధారణ, రక్తనాళాలు, ఛాతీ, మిగిలే లివర్ కొలతకు.
- గాడోక్సెటేట్ ఎంఆర్‌ఐ: చిన్న కణితులకు, ఎన్ని ఉన్నాయో తేల్చడానికి.
- కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్: తేలని ఒకటి రెండు గడ్డలకు, కిడ్నీ సమస్య ఉన్నవారికి.
- పెట్ స్కాన్: లివర్ బయటి వ్యాప్తికి. నార్మల్ వస్తే చాలదు.
- థియేటర్ అల్ట్రాసౌండ్: లోతులోని కణితులకు, కోత దారికి.
- ఐసీజీ: పైపొర కణితులకు.

స్కాన్‌కు వెళ్లే ముందు

కాంట్రాస్ట్ స్కాన్‌కు ముందు కిడ్నీల క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు దగ్గర ఉంచుకోవాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి కొద్ది రోజులు ఆపమనవచ్చు. గతంలో కాంట్రాస్ట్ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే దాచకూడదు. రొయ్యలు, చేపలు పడకపోవడం మాత్రం కాంట్రాస్ట్‌కు అడ్డు కాదు.

ఎంఆర్‌ఐ గదిలోకి లోహం వెళ్లకూడదు. గాజులు, చెవిదుద్దులు, లచ్ఛా, లోహపు డబ్బీలో ఉన్న తావీజు, హిజాబ్ పిన్నులు, జరీ పని ఉన్న దుస్తులు ముందే తీసి ఇంట్లోవారికి ఇవ్వాలి. పేస్‌మేకర్, పాత ఆపరేషన్‌లో వేసిన క్లిప్పులు, గర్భం ఉంటే తప్పక చెప్పాలి. రంజాన్‌లో తేదీ పడితే రోజా సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. ఎందుకంటే కాంట్రాస్ట్ తర్వాత నీళ్లు బాగా తాగాల్సి ఉంటుంది. దానికోసం క్యాన్సర్ స్కాన్‌ను వారాల తరబడి వాయిదా వేయడం మాత్రం మంచిది కాదు.

డాక్టర్‌ను అడగాల్సినవి

- ఈ స్కాన్‌తో ఏ ప్రశ్న తేలుతుంది? ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా?
- కణితులు ఎన్ని, ఎంత సైజు, రక్తనాళంలోకి వెళ్లాయా?
- కోస్తే మిగిలే లివర్ ఎంత శాతం?
- స్కాన్ ఎన్నాళ్ల క్రితంది? ఆపరేషన్‌కు ముందు మళ్లీ కావాలా?
- థియేటర్‌లో అల్ట్రాసౌండ్ చేస్తారా?
- తర్వాతి స్కాన్ ఎప్పుడు?

రిపోర్టు కాగితంతో పాటు ఫొటోల సీడీ కూడా తీసుకోవాలి. రెండో డాక్టర్ అభిప్రాయం అడిగినప్పుడు పనికొచ్చేది కాగితం కంటే ఫొటోలే. మొదటి ప్రశ్నకు డాక్టర్ ఇచ్చే జవాబు స్పష్టంగా ఉంటే ఆ స్కాన్ ఖర్చు వృథా కాదు. జవాబు అర్థం కాకపోతే మళ్లీ అడగడంలో తప్పు లేదు. అది రోగి హక్కు.